వంకర మూతిదా, చూపుదా?

1993 అక్టోబరులో కెనడా ఎన్నికల ప్రచారం ముగింపుకొచ్చిన రోజుల్లో అధికారంలో ఉన్న ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీ టీవీలో ఒక ప్రకటన వేయించింది. ప్రతిపక్ష లిబరల్ నాయకుడు జీన్ క్రెటియన్ ఫొటోల్లో మూతి బాగా వంకరగా కనిపించేవి ఏరి, వాటిని దగ్గరగా చూపిస్తూ, ఈయన ప్రధాని అయితే మన పరువేం కాను అన్న ధోరణిలో వెనకనుంచి మాటలు వినిపించారు. క్రెటియన్‌కు చిన్నప్పుడే ముఖంలో ఒక పక్క చచ్చుబడింది. నోరు ఒక పక్కకే కదులుతుంది. ప్రకటన చూసి దేశం మండిపడింది, సొంత పార్టీ అభ్యర్థులే ఫోన్లు చేసి తిట్టారు, వెంటనే దాన్ని ఆపేశారు. దేవుడిచ్చిన లోపంతోనే పెరిగానని, తాను మాట్లాడేది నోటికి ఒక పక్కనుంచే గాని రెండు పక్కలనుంచీ కాదని క్రెటియన్ సభల్లో చురక అంటించాడు. 1988లో 169 సీట్లు గెలిచిన పార్టీకి ఆ ఎన్నికల్లో మిగిలినవి 2. ఓటమికి ఆర్థిక మాంద్యం, కొత్త పన్నులు, పార్టీలో చీలికలు అసలు కారణాలు. ఒక్క ప్రకటన అంత పని చేసిందనడం అతిశయోక్తి. నన్ను ఆలోచింపజేసేది ఓటమి కన్నా ఆ ప్రకటన వెనక ఉన్న లెక్క. డబ్బు తీసుకుని ఓటరు మనసు చదివే నిపుణులు, వంకర మూతి చూపిస్తే చాలు, మనిషి పనికిరాడని జనం తమంతట తామే అనుకుంటారని నమ్మారు. ఆ నమ్మకం వాళ్లు కనిపెట్టింది కాదు. దానికి రెండు శతాబ్దాల పైబడిన చరిత్ర ఉంది. ముఖ పక్షవాతంతో బతికే పెద్దవాళ్లు నలుగురిలో పడే కష్టానికి చచ్చుబడిన నరం ఎంత కారణమో, ముఖం చూసి మనిషిని లెక్కగట్టే ఈ అలవాటూ అంత కారణమని, వైద్యం మొదటిదాని మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా రెండోదాని మీద ఎవరూ పెట్టలేదని ఈ చరిత్ర చెబుతుంది.

పాత వైద్యులు ఈ జబ్బును చూసిన తీరు వేరు. సుశ్రుత సంహిత దీన్ని అర్దితం పేరుతో వాత వ్యాధుల్లో చేర్చింది. గట్టిగా అరిచి మాట్లాడటం, గట్టి పదార్థాలు నమలడం, విపరీతంగా నవ్వడం, ఆవలించడం, బరువులు మోయడం, ఎగుడుదిగుడు పడక మీద పడుకోవడం, ఇవీ అది చెప్పిన కారణాలు. ఈనాటి వైద్యం వీటిని ఒప్పుకోదు. అయితే లక్షణాలు రాసిన కన్ను మాత్రం చురుకైనది. రెప్ప పడని వాడికి, మాట స్పష్టంగా రాని వాడికి, మూడేళ్లు దాటినా తగ్గని వాడికి ఇక నయం కాదని తేల్చింది. పదో శతాబ్దం నాటికి పర్షియాలో అల్ రాజీ, ఆ తర్వాత ఇబ్న్ సీనా మెదడులో మొదలయ్యే పక్షవాతాన్నీ, ముఖ నరం ఒక్కటే దెబ్బతిన్న స్థితినీ వేరుచేసి చూడటానికి ప్రయత్నించారు. వీళ్లెవరూ ముఖం కదలని మనిషి మనసులో ఏముందని అడగలేదు. వాళ్లకది ఒంటి జబ్బు, అంతే. మన ఊళ్లలో ఇప్పటికీ గాలి సోకి మూతి వంకర పోయిందంటారు. ఆ మాటలో శాస్త్రం లేకపోవచ్చు గాని, మనిషి గుణం మీద తీర్పూ లేదు. పోతే, మనిషి లక్షణాలు ఒంటి మీదే రాసి ఉంటాయన్న నమ్మకం మన దగ్గర లేదని చెప్పలేం. వరాహమిహిరుడి బృహత్సంహితలో పురుష లక్షణాలకు ప్రత్యేకంగా అధ్యాయమే ఉంది, సాముద్రికం పేరుతో ఆ విద్య నేటికీ నడుస్తోంది. కాకపోతే మన దగ్గర సాముద్రికుడు ఒక అరుగు మీద, వైద్యుడు మరో అరుగు మీద కూర్చున్నారు. యూరప్‌లో ఇద్దరూ ఒకే బల్ల దగ్గరికి చేరారు.

అక్కడ ఆ పని చేసినవాడు జ్యూరిక్ పాస్టర్ యోహాన్ కాస్పర్ లావాటర్. 1775 నుంచి 1778 దాకా నాలుగు సంపుటాలుగా వెలువడిన ఆయన ముఖ సాముద్రిక గ్రంథం యూరప్ అంతా చదివింది. ముక్కు వాలును బట్టి, నుదురు ఎత్తును బట్టి గుణం చెప్పేయవచ్చని ఆయన వాదన. అందమూ నీతీ కలిసే ఉంటాయని కూడా ఆయన అభిప్రాయం. దీనికి పదునైన జవాబు 1778లో గాటింగెన్ నుంచి వచ్చింది. రాసినవాడు భౌతిక శాస్త్ర ప్రొఫెసరు గేయోర్గ్ క్రిస్టోఫ్ లిష్టెన్‌బర్గ్. వెన్నెముక వంగిపోయి గూని ఉన్న మనిషి. ఎముకల ఆకారానికీ గుణానికీ సంబంధం లేదని, ముఖం మీద వచ్చిపోయే కదలికలు క్షణికమైన భావాలను చూపవచ్చేమో గాని మనిషిని మొత్తంగా చూపవని, ఒంటి తీరును బట్టి తీర్పులు మొదలుపెడితే నేరం చేయకముందే పిల్లల్ని ఉరితీయాల్సి వస్తుందని ఆయన హేళన చేశాడు. ఒళ్లు చూసి మనిషిని అంచనా కట్టడం ఎంత అన్యాయమో ఆ ఒంట్లో బతికినవాడికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. వాదనలో లిష్టెన్‌బర్గే గెలిచాడని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. ఆ రోజుల్లో అమ్ముడుపోయిన పుస్తకం మాత్రం లావాటర్‌దే.

ఈ గాలిలోనే పెరిగినవాడు ఎడిన్‌బరోలో పుట్టిన చార్ల్స్ బెల్. ఉన్నట్టుండి మూతి వంకర పోతే బెల్స్ పాల్సీ అని మన డాక్టర్లు చీటీ మీద రాసేది ఈయన పేరే. నిజానికి ఈ జబ్బును ఆయన కన్నా ముందే, 1798లో, జర్మనీలో నికోలాస్ ఫ్రీడ్‌రైష్ చక్కగా వర్ణించాడు. పేరు మాత్రం బెల్‌కు దక్కింది. బెల్ శస్త్రవైద్యుడే కాదు, చేయి తిరిగిన చిత్రకారుడు కూడా. వాటర్లూ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు కోతలు కోసి, వాళ్ల బొమ్మలూ గీశాడు. 1806లో ఆయన అచ్చువేసిన పుస్తకం చిత్రకారుల కోసం రాసింది, ముఖంలో భావాలు పలికించే కండరాల గురించి. మనిషి ముఖంలోని కొన్ని కండరాలను దేవుడు కేవలం భావాలు చూపడానికే అమర్చాడని ఆయన గట్టిగా నమ్మాడు. 1821లో రాయల్ సొసైటీకి సమర్పించిన పరిశోధనలో ముఖానికి కదలికనిచ్చే నరం వేరు, స్పర్శనిచ్చే నరం వేరు అని చూపాడు. ఈ తేడా తెలియక అంతకుముందు శస్త్రవైద్యులు ముఖంలో భరించలేని నొప్పి వచ్చినవాళ్లకు కదలికనిచ్చే ఏడో నరాన్ని కోసేసేవారు. నొప్పి అలాగే ఉండేది, ముఖం మాత్రం జారిపోయేది. బెల్ పుణ్యమా అని ఆ ఘోరం తగ్గింది. ఈ మేలు చిన్నది కాదు. అయితే దాని వెంటే ఒక భావం కూడా వైద్యంలోకి వచ్చి చేరింది. ఏడో నరం అంటే భావాల నరం, అది పోతే మనిషికీ లోకానికీ మధ్య దారి మూసుకుపోయినట్టే అన్న భావం. తమాషా ఏమిటంటే, 1833లో ఇదే బెల్ దేవుడి అమరికను కీర్తిస్తూ మానవ హస్తం మీద ఒక పుస్తకం మొత్తం రాశాడు. ముఖం కదలని వాళ్లకు చెయ్యే నోరవుతుందన్న ఊహ ఆయనకు తట్టలేదు.

తర్వాతి అంకం పారిస్‌ది, దీని దగ్గర కాస్త ఆగాలి. గియోమ్ డుషెన్ అనే వైద్యుడు సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో పళ్లూడిన ఒక ముసలి చెప్పులు కుట్టేవాణ్ని కూర్చోబెట్టి, ముఖం మీద అక్కడక్కడా కరెంటు తగిలించి ఒక్కో కండరాన్నీ బిగించి, ఫొటోలు తీశాడు. ముసలివాడి ముఖానికి స్పర్శ లేదు కాబట్టి నొప్పి తెలియదు. ఒక చోట తాకితే భయం, మరో చోట తాకితే దుఃఖం, ఇంకో చోట నవ్వు. 1862లో ఈ ఫొటోలతో పుస్తకం వచ్చింది. నిజమైన ఆనందంతో వచ్చే నవ్వులో బుగ్గ కండరంతో పాటు కంటి చుట్టూ ఉన్న కండరం కూడా ముడుచుకుంటుందని డుషెన్ చెప్పిన మాట ఇప్పటికీ మనస్తత్వ శాస్త్ర పాఠాల్లో ఆయన పేరుతోనే ఉంది. ముఖం ఆత్మ భాష అని, దాని వ్యాకరణం తాను రాశానని ఆయన అనుకున్నాడు. ఫొటోలు చెప్పేది చూస్తే అందుకు సరిగ్గా ఎదురు. ముసలివాడి ముఖంలో కనిపిస్తున్న భయం ముసలివాడిది కాదు, బ్యాటరీది. మనసులో లేనిది ముఖంలో పలకగలదని ఇంత పచ్చిగా రుజువు చేసిన ప్రయోగం మరొకటి లేదు. చార్ల్స్ డార్విన్‌కు ఇందులో తిరకాసు కొంత అర్థమైంది. కొన్ని ఫొటోలు ఎంచి, ఏ వివరణా ఇవ్వకుండా ఇరవై మందికి పైగా చదువుకున్న వాళ్లకు చూపించి ఇది ఏ భావమని అడిగాడు. కొన్నింటికి అందరూ ఒకే మాట చెప్పారు, మరికొన్నింటికి తలా ఒకటి చెప్పారు. అంతకన్నా ముఖ్యంగా, డుషెన్ రాసిన వివరణ చదివాక అదే భావం ఫొటోలో స్పష్టంగా కనిపించిందని, చదవకుండా చూసి ఉంటే తానూ తికమకపడేవాణ్నని 1872లో వచ్చిన తన పుస్తకంలో డార్విన్ నిజాయితీగా ఒప్పుకున్నాడు. అంటే ముఖంలో మనం చదివేదాంట్లో సగం మన దగ్గర ముందే ఉన్న సమాచారం. అది చేతిలో ఉంటే ముఖం మాట్లాడినట్టుంటుంది, లేకపోతే ఊహ పరుగెత్తుతుంది. ఆ ఊహ ఎటు పరుగెత్తుతుందో కదలని ముఖంతో బతికేవాళ్లకు రోజూ అనుభవం. కోపంగా ఉన్నాడు, ఆసక్తి లేదు, పొగరు, మందబుద్ధి, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి.

డుషెన్ చూపినదానికి అవతలి కొస 1888లో బయటపడింది. లైప్‌జిగ్ నరాల వైద్యుడు పాల్ యూలియస్ మోబియస్, పుట్టుకతోనే ముఖం రెండు పక్కలా కదలక, కళ్లు పక్కలకు తిరగని స్థితిని ఒక ప్రత్యేక జబ్బుగా గుర్తించాడు. ఆరో నరం, ఏడో నరం సరిగ్గా రూపొందకపోవడం వల్ల వచ్చేది. పెరిగేదీ కాదు, తగ్గేదీ కాదు. పుట్టినప్పటినుంచి ఎన్నడూ చిరునవ్వు నవ్వని, ముఖం చిట్లించని మనుషులు వీళ్లు. పుట్టెడు సంతోషమున్నా ముఖం పలకదు. మనసు లేకుండా ముఖం పలికిన సంగతి 1862 నాటికి లోకానికి తెలుసు, ముఖం లేకుండా మనసు నిండుగా ఉన్న మనుషులు 1888 నాటికి కళ్లముందున్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ముఖం మనసుకు అద్దమన్న మాట అక్కడే చెల్లిపోయి ఉండాలి. చెల్లలేదు. మోబియస్ జబ్బు ఎక్కడ పుట్టిందో వెతికాడు గాని, ఆ మనుషులు ఎలా మాట్లాడుకుంటున్నారు, ఎవరితో స్నేహం చేస్తున్నారు అన్న ప్రశ్న ఆయన పరిధిలోకి రాలేదు. ఆయన దృష్టి ఎలాంటిదో మరో సంగతి చెబుతుంది. ఆడవాళ్లు పుట్టుకతోనే తెలివి తక్కువవాళ్లని 1900లో ఒక చిన్న పుస్తకం రాసి యూరప్‌లో దుమారం లేపినవాడు ఈయనే. ఒళ్లు చూసి బుద్ధి కొలవడం ఆ తరం పండితులకు అబ్బిన జబ్బు.

ఈ మనుషులు మాట్లాడే తీరును దగ్గర నుంచి చూడటం మొదలైంది మరో వందేళ్లకు. పెదవులు కలవకపోతే ప, బ, మ పలకవు. మన ఇంట్లో అమ్మ, బాబాయి, పిన్ని, మామ, బావ, ఎవరిని పిలవాలన్నా పెదవులు కలవాల్సిందే. మోబియస్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు చాలామంది నాలుకను పై పళ్లకో పై పెదవికో ఆనించి ఆ ధ్వనులకు దగ్గరి ధ్వని తెప్పిస్తారు. కొత్తవాళ్లకు మొదటి రెండు నిమిషాలు తికమకగా ఉంటుంది, తర్వాత చెవి అలవాటు పడుతుంది. కళ్లు పక్కలకు తిరగవు కాబట్టి తలనే తిప్పి చూస్తారు. నవ్వు ముఖంలో రాదు కాబట్టి గొంతులో తెస్తారు, చేతుల్లో తెస్తారు, మాటల్లోనే చెప్పేస్తారు, ఈ మాట వింటే నాకు భలే సంతోషంగా ఉందని. తోలుబొమ్మలాటలో బొమ్మ ముఖం ఒక్క గీత కూడా మారదు, అయినా వెనకనుంచి గొంతూ చేతి కదలికా కలిసి సీతమ్మ దుఃఖాన్ని తెల్లవార్లూ ఏడిపించేలా పలికిస్తాయి. నాట్యశాస్త్రంలో భరతుడు కూడా అభినయాన్ని నాలుగుగా విభజించి ముఖాన్ని అందులో ఒక దాంట్లో ఒక భాగంగానే ఉంచాడు. ఇంగ్లండ్ వైద్యుడు జొనాథన్ కోల్ 1998లో ముఖం మీద రాసిన పుస్తకంలో ఇలాంటి మనుషులతో తీరిగ్గా మాట్లాడి వాళ్ల మాటల్ని రికార్డు చేశాడు. అమెరికాలో కాథ్లీన్ బోగార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే పనిని పరిశోధనగా మలిచింది. ఆమెకూ మోబియస్ సిండ్రోమ్ ఉంది. 2012లో ఆమె బృందం వీడియోలు చూసి లెక్కగట్టింది: ముఖ పక్షవాతం పుట్టుకతో ఉన్నవాళ్లు, మధ్యలో వచ్చినవాళ్ల కన్నా గొంతునీ, చేతుల్నీ, మాటల్నీ ఎక్కువగా వాడుకుంటున్నారు. ముఖం లేకుండా పలకడం అనేది నేర్చుకునే విద్య అని, చిన్నప్పటినుంచీ సాధన చేసినవాళ్లకు అది ఒంటబడుతుందని దీనర్థం. నలభయ్యో ఏట ఉదయం లేచి అద్దంలో మూతి వంకర చూసుకున్నవాడికి ఆ సాధన లేదు, నేర్పేవాళ్లూ లేరు. పైగా నిన్నటిదాకా తానూ ముఖాలు చదివినవాడే కాబట్టి, ఎదుటివాళ్లు తనలో ఏం చదువుతున్నారో ఊహించుకుని ముందే తల దించుకుంటాడు.

వైద్యం ఏం చేసిందంటే, నవ్వును తిరిగి తేవడానికి వందేళ్లు కష్టపడింది. 1895లో లండన్‌లో చార్ల్స్ బాలెన్స్ చచ్చుబడిన ముఖ నరాన్ని భుజానికి వెళ్లే నరంతో కలిపి కుట్టాడు. కదలిక వచ్చింది, కాకపోతే భుజం ఎగరేస్తేనే ముఖం కదిలేది. 1934లో హెరాల్డ్ గిల్లీస్ కణత దగ్గరి కండరాన్ని ముఖంలోకి మళ్లించాడు. ఆ కండరం నమలడానికి పుట్టింది కాబట్టి పళ్లు బిగిస్తే గాని పనిచేయదు. 1976లో జపాన్‌లో హారీ బృందం తొడ కండరాన్ని రక్తనాళాలతో సహా ముఖానికి అతికించింది. ఇప్పుడు నవ్వు శస్త్రచికిత్స అంటే ప్రధానంగా ఇదే దారి. ఈ ప్రయాణంలో కొలతలు కూడా తయారయ్యాయి. 1985లో స్థిరపడిన హౌస్ బ్రాక్‌మాన్ కొలత ముఖాన్ని ఆరు మెట్లుగా విభజించింది. నుదురెంత లేస్తుంది, కన్నెంత మూసుకుంటుంది, మూతెంత కదులుతుంది అని చూసేది అది. రోగినే కూర్చోబెట్టి నలుగురిలో ఎలా ఉంటున్నావని కూడా అడిగే ప్రశ్నావళి ప్రచారంలోకి వచ్చేసరికి 1996 అయింది. అలా అడగడం మొదలుపెట్టాక తేలిందేమిటంటే, పక్షవాతం తీవ్రతకీ మనిషి కుంగుబాటుకీ సూటి లెక్క కుదరదు. ముఖం పూర్తిగా కదలనివాళ్లలో హాయిగా ఉద్యోగం చేసుకునేవాళ్లున్నారు, కొద్దిగా వంకర ఉన్నవాళ్లలో గడప దాటనివాళ్లున్నారు. కండరం ఒక్కటే కారణమైతే ఇలా జరగకూడదు.

నవ్వుకే ఇంత పట్టం ఎందుకు కట్టారన్న ప్రశ్నకు జవాబు ఆసుపత్రి బయట దొరుకుతుంది. మన ఇళ్లలో గోడలకున్న పాత పెళ్లి ఫొటోలు చూడండి. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, రెండు వైపుల పెద్దలు, ఒక్కరి పెదవీ విచ్చుకోదు. వాళ్లకు పెళ్లి ఇష్టం లేదని ఎవరూ అనుకోలేదు. గంభీరంగా ఉండటమే మర్యాద అనుకున్న కాలం అది. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో వ్యాపారం, సినిమా, ప్రకటనలు కలిసి నవ్వును పెట్టుబడిగా మార్చాయి. 1936లో డేల్ కార్నెగీ నలుగురికీ నచ్చే మార్గాల్లో ఒకటిగా నవ్వమని చెప్పాడు. 1983లో సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ విమానాల్లో పనిచేసే అమ్మాయిల మీద పుస్తకం రాసి, వాళ్లకు జీతమిస్తున్నది నవ్వుకే అని చూపించింది. ఇవాళ హైదరాబాదులో షాపింగ్ మాల్ కౌంటరు నుంచి బ్యాంకు హెల్ప్‌డెస్క్ దాకా అదే షరతు. ముఖం కదలని మనిషి నూరేళ్ల కిందట పొలంలోనో మగ్గం దగ్గరో పని చేసుకుంటే మూతి సంగతి అడ్డం వచ్చేది కాదు. నరం మారలేదు, ఉద్యోగం మారింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ముఖం చూసి భావం పసిగట్టడం సమాజం నేర్పింది కాదు, పుట్టుకతో వచ్చింది, దాన్ని చరిత్ర మీదకు తోసేయడం తగదు అంటారు. ఇందుకు తరచు చూపే సాక్ష్యం 1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ చేసిన ప్రయోగం. తల్లి బిడ్డ ఎదురుగా కూర్చుని కాసేపు ఆడించి, తర్వాత ముఖం బిగించి ఊరుకుంటుంది. కొద్ది క్షణాల్లోనే బిడ్డ కలవరపడి, తల్లిని కదిలించడానికి ప్రయత్నించి, చివరికి ఏడుపు లంకించుకుంటుంది. చూసేవాళ్ల గుండె తరుక్కుపోతుంది. కాని ఆ తల్లి చేస్తున్నదేమిటో జాగ్రత్తగా గమనించాలి. ముఖంతో పాటు గొంతూ ఆపేసింది, చేతులూ ఆపేసింది, బిడ్డ పిలిస్తే బదులివ్వడమే మానేసింది. ముఖ పక్షవాతం ఉన్న తల్లి అలా చేయదు. ఆమె ఊ కొడుతుంది, జోల పాడుతుంది, చేత్తో నిమురుతుంది. బిడ్డను ఏడిపించింది కదలని ముఖం ఒక్కటే అని ఆ ప్రయోగం నుంచి తీర్పు చెప్పడానికి వీల్లేదు. ముఖాలు చదివే శక్తి మనకు సహజమే, కాదనను. ఆ చదువు తప్పితే మరో దారి వెతికే శక్తి కూడా అంతే సహజం. కరోనా రోజుల్లో ఊరంతా మూతికి గుడ్డ కట్టుకుని బేరాలాడింది, పోట్లాడుకుంది, పరామర్శలు చేసుకుంది. ఎవరి సంతోషం ఎవరికి తెలియకుండా పోయింది?

రెండో అభ్యంతరం మరింత లోతైనది. ముఖంలో పలకని భావం మనసులోనూ పలుచబడుతుందని, ఎదుటివాడి ముఖాన్ని మన ముఖంతో లోలోపల అనుకరిస్తేనే అతని భావం మనకు అర్థమవుతుందని ఒక సిద్ధాంతం. ఇదే నిజమైతే ముఖ పక్షవాతం ఉన్నవాళ్లు స్నేహానికే అనర్హులని తేలుతుంది. పళ్ల మధ్య పెన్ను పెట్టుకుంటే నవ్వు కండరాలు బిగిసి కార్టూన్లు మరింత హాస్యంగా అనిపిస్తాయని 1988లో వచ్చిన ప్రయోగం దీనికి పెద్ద దన్నుగా నిలిచింది. 2016లో 17 ప్రయోగశాలలు కలిసి దాన్ని మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. సూటి జవాబు మాత్రం 2010లోనే వచ్చింది. బోగార్ట్, డేవిడ్ మాట్సుమోటో ఇద్దరూ మోబియస్ ఉన్న 37 మందికీ, లేని 37 మందికీ ఫొటోల్లోని భావాలు గుర్తించమని పరీక్ష పెట్టారు. రెండు జట్లూ సమానంగా చేశాయి. ఒకరిద్దరి మీద, కొద్దిమంది మీద చేసిన వేరే అధ్యయనాల్లో స్వల్ప తడబాట్లు కనిపించిన మాట నిజమే, ఆ చర్చ ఇంకా సాగుతోంది. ఏమైనా, ఎదుటివాణ్ని అర్థం చేసుకోవడంలో అసలు చిక్కు వీళ్లది కాదు. పార్కిన్సన్ జబ్బుతో ముఖం బిగుసుకుపోయిన రోగుల వీడియోలను అమెరికాలోనూ తైవాన్‌లోనూ వైద్య సిబ్బందికి చూపిస్తే, ముఖం ఎంత తక్కువ కదిలితే ఆ రోగి గురించి అంత చెడ్డ అభిప్రాయం ఏర్పరచుకున్నారు. జబ్బు లక్షణం తెలిసినవాళ్లే అలా తప్పు చదివారు.

ఇదంతా చూపి శస్త్రచికిత్స దండగ అనే వాదనకు దిగితే అది మరో అన్యాయం. రెప్ప మూతపడకపోతే నల్లగుడ్డు ఎండి చూపే పోతుంది. పుక్కిలిస్తే నీళ్లు పక్కనుంచి కారిపోయేవాడికి, బుగ్గలో అన్నం ఇరుక్కుని వేలితో తీసుకోవాల్సి వచ్చేవాడికి నలుగురితో కలిసి భోంచేయడమే ఒక పరీక్ష. మూతిని ఒక అంగుళం పైకి తెచ్చే కోత వాళ్లకు పెళ్లి విందులో కూర్చునే ధైర్యమిస్తుంది. నా తగాదా కోతతో కాదు, కోత తర్వాత పని అయిపోయిందనుకోవడంతో. మరో వైపు, గొంతు పెంచు, చేతులు ఊపు అని రోగికే మళ్లీ పాఠాలు చెప్పడంలోనూ అదే పొరపాటుంది. రోజంతా అలా పలికించడం ఒళ్లు అలిసే చాకిరీ. ఎదుటివాడు కూర్చున్నచోటే ఉంటాడు, కష్టమంతా ముఖం కదలనివాడిదే. ఎదుటివాణ్ని మార్చవచ్చా అని బోగార్ట్ బృందం 2015లో పరీక్షించింది. కొంతమందికి ముఖ పక్షవాతం గురించి చెప్పి, ముఖం వదిలి గొంతూ చేతులూ గమనించమని నేర్పితే, వాళ్లు అలాంటి మనుషులను మరింత కలుపుగోలువాళ్లుగా భావించారు. అయితే అంచనాలో కచ్చితత్వం పెరిగినట్టు తేలలేదు. అంటే కాసేపటి పాఠం అభిమానం పెంచింది గాని చదువు నేర్పలేదు. చదువు రావాలంటే కలిసి మసలాలి. 1992లో ఇంగ్లండ్‌లో చేంజింగ్ ఫేసెస్, 1994లో అమెరికాలో మోబియస్ సిండ్రోమ్ ఫౌండేషన్, 2012లో మళ్లీ ఇంగ్లండ్‌లో ఫేషియల్ పాల్సీ యూకే పుట్టింది అందుకే. ఇన్నాళ్లూ ఒక్కొక్కరుగా దాక్కున్నవాళ్లు అక్కడ ఒక గదిలో చేరారు.

మన దగ్గర ఈ కథ కుష్ఠు వ్యాధి గుండా నడిచింది. ఆ జబ్బు ముఖ నరం కొమ్మలను తింటే రెప్ప మూతపడదు, చూపు నిలువుగుడ్లు వేసినట్టుంటుంది. జనం భయపడ్డది ఆ చూపుకే. 1915లో నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ వైద్యురాలు నిలబెట్టిన ఆసుపత్రి వంటివి ఊరు వెలేసినవాళ్లకు తిండీ మందూ ఇచ్చాయి. గిల్లీస్ కణత కండరం కోత తర్వాతి కాలంలో దేశంలోని కుష్ఠు ఆసుపత్రులకు చేరింది. పళ్లు బిగించి రెప్ప మూయడం రోగులు సాధన చేసి నేర్చుకున్నారు. బ్రిటిష్ కాలపు 1898 కుష్ఠు చట్టాన్ని కేంద్రం రద్దు చేసింది 2016లో. భార్యాభర్తల్లో ఒకరికి కుష్ఠు ఉంటే విడాకులు కోరే వీలును తీసేసింది 2019లో. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. కుష్ఠు నుంచి కోలుకున్నవాళ్ల కంటి, రెప్ప బలహీనత అందులో ఉంది, యాసిడ్ దాడి బాధితులు ఉన్నారు. ముఖ పక్షవాతం పేరు విడిగా లేదు.

ఇక బెల్స్ పాల్సీ సంగతి చూస్తే, ఏటా లక్షమందిలో 20 నుంచి 30 మందికి వస్తుంది, మందు లేకుండానే నూటికి 70 మందికి పూర్తిగా తగ్గుతుంది. మొదటి 72 గంటల్లో ప్రెడ్నిసొలోన్ మొదలుపెడితే 9 నెలలకు నూటికి 94 మంది కోలుకుంటారని 2007లో స్కాట్లండ్ పరిశోధన చూపింది. బెల్ పుట్టిన దేశం ఆయన పేరున్న జబ్బుకు మందు ఖాయం చేసిందన్నమాట. మిగిలిపోయిన కొద్దిమందికి మన ఊళ్లలో దొరికేది కరెంటు పెట్టించుకోవడం, బెలూన్ ఊదడం, చూయింగ్ గమ్ నమలడం, ఆ పైన ఇంట్లోవాళ్ల సలహా: నయమయ్యేదాకా పెళ్లిళ్లకు రాకులే. కాబట్టి ఈ జబ్బు చూసే డాక్టర్లకూ ఫిజియోథెరపిస్టులకూ ఒక విన్నపం. చీటీ రాశాక, రోగి వెంట వచ్చిన భార్యనో కొడుకునో మరో ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. మూతి కేసి కాదు, మాట కేసి చూడమనండి. అర్థం కాకపోతే అర్థమైనట్టు తలాడించకుండా మళ్లీ చెప్పమని అడగమనండి. వచ్చే వారం పెళ్లుంటే మనిషిని వెంటబెట్టుకు వెళ్లమనండి.